ఒంటిగంట వంతు

కరోనా రెండో విడత పోయిన మరుసటి వేసవిలో మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోవాలో, ఎప్పుడు రావాలో నా చేతిలో ఉండేది. ఈ మాట వింటే ఎవరైనా నన్ను పెద్ద ఆఫీసరనుకుంటారు. ఉయ్యూరు దాటాక పుల్లేరు కాలవ గట్టున ఉన్న చిన్న సబ్‌స్టేషన్‌లో కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటర్ని నేను. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ప్యానెల్ బోర్డు ముందు కూర్చోవడం, గంటగంటకీ రీడింగులు పుస్తకంలో ఎక్కించడం, ఫోన్ మోగితే ఎత్తడం. అంతే నా పని.

ఆ ఏడు ఫోన్ మోగని రోజు లేదు. బొగ్గు లేదన్నారు. ఉన్న బొగ్గు మోయడానికి రైళ్లు లేవన్నారు. ఎండలు ముందే ముదిరి వాడకం పెరిగిపోయిందన్నారు. కారణం ఏదైనా నా దాకా వచ్చేసరికి అది ఒక్క మాటయ్యేది: "లోడ్ రిలీఫ్ ఇవ్వు." అంటే మా సబ్‌స్టేషన్ నుంచి వెళ్లే రెండు లైన్లలో ఒకదాన్ని ఆపెయ్యమని. ఒకటి ఊరి ఫీడర్. ఇళ్లు, బళ్లు, చర్చి, పంచాయతీ ఆఫీసు అన్నీ దాని మీదే. రెండోది కట్ట ఫీడర్. కాలవ అవతలి కోళ్ల షెడ్డు, రైసుమిల్లు, పొలం మోటార్లు దాని మీద నడుస్తాయి. బోర్డు మీద ఎర్ర లైటు వెలుగుతుంటే లైన్లో కరెంటు ఉన్నట్టు, పచ్చ లైటు వెలిగితే లేనట్టు. కొత్తలో నాకది తిరకాసుగా ఉండేది. మా పై ఇంజనీరు ఏఈ గారు పెట్టిన పద్ధతి మాత్రం తేలికే. ఒక గంట ఇది ఆపాలి, ఒక గంట అది. వంతు తప్పకూడదు.

ఊరి ఫీడర్ మీద మా ఇల్లుంది. ఆ ఇంట్లో మా అమ్మ తెరేసమ్మ ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని మంచం మీద ఉంది. పద్దెనిమిదేళ్లు ఊరి బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండింది అమ్మ. రేకుల పాక, పచ్చి కట్టెలు, మూడు రాళ్ల పొయ్యి. గ్యాసు వచ్చేనాటికే ఆ పొగ చెయ్యాల్సింది చేసేసింది. రోజుకి రెండు పెట్టెలు సిగరెట్లు కాల్చినవాడి ఊపిరితిత్తుల్లా ఉన్నాయని విజయవాడలో డాక్టరు అంటే, అమ్మ నావైపు చూసి, "నేనెప్పుడూ చుట్ట కూడా ముట్టలేదని చెప్పరా ఆయనకి," అంది.

కరోనాలో ఎవరో దాతలు చర్చికిచ్చిన ఆక్సిజన్ మిషన్ని ఫాదర్ గారు మాకిచ్చారు. అది గాల్లోంచి ఆక్సిజన్ తీసి ఇస్తుంది. కరెంటుంటేనే. పోతే ఇన్వర్టర్ మీద గంటన్నర ఆడేది. అదీ అయిపోతే ఒక సిలిండరు. వేసవి మొదట్లో మాకివి చాలుననిపించింది. రోజుకి నాలుగైదు సార్లు పోయి రావడం మొదలయ్యాక బ్యాటరీ నిండడం మానేసింది. గంటన్నర గంటయింది, ముప్పావుగంటయింది. మా ఆవిడ డయానా చర్చి వారి బడిలో సైన్సు టీచరు. నిమిషాలు లెక్కపెట్టి గోడ మీద పెన్సిల్‌తో రాసేది. విజయవాడ గుణదలలో వాళ్లక్క ఉంది, పట్నంలో కోతలు తక్కువ. కానీ వాళ్లది మూడో అంతస్తు. అమ్మ మూడు మెట్లు కూడా ఎక్కలేదు.

ఊరి ఫీడర్‌ని కోతల్లోంచి తప్పించే వీలుందా అని ఏఈ గారిని అడిగాను. మంచాయనే. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఆసుపత్రి ఉన్న ఫీడరైతే పైకి రాయొచ్చు జోజీ. ఒక్క మనిషి కోసమంటే నేనేమని రాయను?" అన్నాడు.

ఏప్రిల్ మూడోవారంలో ఒక పొద్దున సంపూర్ణమ్మ గారు మోపెడ్ మీద సబ్‌స్టేషన్‌కొచ్చింది. కాలవ అవతలి కోళ్ల షెడ్డు ఆవిడదే. భర్త పోయాక ఒక్కతే చూసుకుంటోంది. యాభై అయిదేళ్లుంటాయి. ఎండకి మొహం కమిలిపోయి ఉంది.

"జోజీ, నీ చేతులు పట్టుకుంటా. పన్నెండు నించి మూడింటి దాకా నా లైను ముట్టుకోమాక."

"నా చేతిలో ఏముందండీ? పైనించి ఫోనొస్తే..."

"తిప్పే చెయ్యి నీదే గదా!" అని, అన్నందుకు తనే నొచ్చుకున్నట్టు గొంతు తగ్గించింది. "అయిదువేల కోళ్లు నాయనా. శనివారం ఎత్తుకుపోను లారీ వస్తది. కోడికి చెమట పట్టదు. ఫ్యాన్లాగితే నోరు తెరుచుకుని ఒగరుస్తయ్. గంటదాకా ఎట్టాగో కాస్తా, గోనెలు తడిపి కడతా, నీళ్లు చల్లుతా. గంట దాటిందా, వరసబెట్టి పడిపోతయ్."

"జనరేటరుందిగా అండీ మీకు?"

"బిగుసుకుపోయింది. బెజవాడ మెకానిక్కు ఇయ్యాల రేపు అంటన్నాడు. ఈ ఎండల్లో అందరికీ వాడే కావాల."

"గంట దాటనివ్వనండి," అన్నాను. "తీసే ముందు ఫోన్ చేస్తాను."

ఆ మాట నేనిచ్చిందే. ఎవరూ బలవంతం చెయ్యలేదు.

గురువారం తెల్లవారుజామునే ఊళ్లో లైను తెగింది. బాగుచేసేసరికి తొమ్మిదయింది. ఇన్వర్టర్ అడుగంటింది. ముందు రోజు సాయంత్రమే సిలిండరు అయిపోవడంతో, ఆటో నడిపే బసవపున్నయ్య దాన్ని వేసుకుని పొద్దున్నే విజయవాడ వెళ్లాడు. పదకొండున్నర దాకా ఫోన్ మోగలేదు. గండం గడిచిందనుకున్నాను.

పదకొండూ యాభైకి మోగింది. పన్నెండు నుంచి మూడింటి దాకా రిలీఫ్. వంతు ప్రకారం మొదటి గంట కట్ట ఫీడర్. సంపూర్ణమ్మ గారికి ఫోన్ చేశాను. "సరే నాయనా, ఒంటిగంటకి ఇచ్చెయ్," అంది. గోనెలు తడపమని ఎవరినో కేకేస్తూనే ఫోన్ పెట్టేసింది. నేను కట్ట ఫీడర్ ఆపాను. పచ్చ లైటు వెలిగింది.

ఒంటిగంటకి పదినిమిషాలుందనగా డయానా ఫోన్.

"ఏవండీ, బ్యాటరీ ఎక్కనే లేదు. ఇప్పుడు కరెంటు పోతే పది నిమిషాలు కూడా రాదు. బసవపున్నయ్య ఎక్కడున్నాడు?"

అతనికి చేశాను. "ఇప్పుడే బెంజి సర్కిల్ దాటతన్నా అన్నా. సిలిండర్ల కాడ పెద్ద క్యూ. గంటపైనే పడతది." 108కి చేశాను. బండి బందరులో కేసు మీద ఉంది, ఎప్పటికి వస్తుందో చెప్పలేమన్నారు. ఏఈ గారికి రెండుసార్లు చేశాను. ఎత్తలేదు.

గోడ గడియారంలో ఒంటిగంట అయింది. కుర్చీలోంచి లేచి రెండడుగులు వెయ్యాలి. ఊరి ఫీడర్ హ్యాండిల్ ఇటు తిప్పాలి, కట్ట ఫీడర్ హ్యాండిల్ అటు తిప్పాలి. నేను లేవలేదు. పుస్తకం తెరిచి, తేదీ పక్కన ఒంటిగంట అని వేసి, మార్చినట్టు రాసి సంతకం పెట్టాను.

ఒంటిగంటా అయిదుకి సంపూర్ణమ్మ గారి ఫోన్ మొదలయింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఫోన్ సౌండు తీసేసి బల్ల మీద బోర్లించాను. అది వణుకుతూ వణుకుతూ బల్ల అంచుదాకా జరిగింది. కిటికీలోంచి చూస్తే కాలవ గట్టు మీద మనిషి లేడు. కళ్లు తెరిచి చూడలేనంత ఎండ.

రెండూ ఇరవైకి డయానా చేసింది. "సిలిండరొచ్చిందండీ. పెట్టేశాం."

"అమ్మ?"

"పడుకున్నారు. బానే ఉన్నారు."

రెండూ ఇరవై రెండుకి ఊరి ఫీడర్ ఆపి కట్ట ఫీడర్ ఇచ్చాను. 

నాలుగింటికి షిఫ్టు దిగి షెడ్డుకి వెళ్లాను. వెళ్లకపోతే అనుమానమొస్తుందని వెళ్లానో, వెళ్లకుండా ఉండలేక వెళ్లానో ఇప్పటికీ చెప్పలేను. ఫ్యాన్లు అప్పటికి జోరుగా తిరుగుతున్నాయి. కింద ఊక కనిపించకుండా తెల్లగా కోళ్లు పడి ఉన్నాయి. నలుగురు కూలీలు కాళ్లు పట్టుకుని పదేసి చొప్పున బయటికి తెస్తున్నారు. షెడ్డు వెనక జేసీబీ గొయ్యి తవ్వుతోంది. ఒక మూల బతికిన ఆరేడువందలు ఒకదాని మీద ఒకటి ఎక్కి నిలబడ్డాయి. వాటి గొంతులోంచి చప్పుడు కూడా రావడం లేదు.

సంపూర్ణమ్మ గారు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఉంది. చీరంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నీళ్లు మోసి మోసి అరచేతులు పొక్కిపోయాయి.

"ఏమయింది జోజీ? ఒంటిగంటకి ఇస్తానంటివే."

"పైనించి వదలమని చెప్పలేదండీ," అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. "నీదేముందిలే. పైవోళ్లు వదలకపోతే నువ్వేం చేస్తావ్," అని లేచింది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మీ అమ్మకెట్టా ఉంది? ఆ మిషను ఆగలేదుగా?"

"లేదండీ."

"పోన్లే."

ఇంటికెళ్లేసరికి ఆరయింది. అమ్మ మేలుకునే ఉంది. ఆమె ఒక్కో ముక్క మాట్లాడి, ఆగి, గాలి పీల్చుకుని, మళ్లీ మాట్లాడుతుంది.

"ఒంటిగంటకి... ఫ్యాను ఆగలేదేరా?"

నేను చొక్కా విప్పి దండెం మీద వేశాను.

"సంపూర్ణమ్మ కోళ్లు... పోయినయ్యంట గదా. బసవపున్నయ్య చెప్పాడు."

డయానా తలొంచుకుంది. అమ్మకి అబద్ధం చెప్పడం నాకు చిన్నప్పుడే చేతకాలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాను. పుస్తకంలో రాసిందీ, షెడ్డు దగ్గర అన్నదీ కూడా.

అమ్మ చెవుల మీంచి గొట్టం తీసి దిండు పక్కన పెట్టింది.

"అత్తయ్యా!" అని డయానా దాన్ని మళ్లీ పెట్టబోతే చేత్తో తోసేసింది.

"వెళ్లి... ఆవిడకి చెప్పు. చెప్పొచ్చేదాకా... నాకొద్దు."

అమ్మ వేలికి తొడిగి ఉన్న, ఒంట్లో ఆక్సిజన్ కొలిచే చిన్న యంత్రంలో అంకె ఎనభై తొమ్మిది చూపిస్తోంది. చూస్తుండగానే ఎనభై అయిదయింది. డయానా ఏడుస్తూ, "వెళ్లండి మీరు, ముందు వెళ్లండి," అంది. నేను చొక్కా లేకుండానే బండి తీశాను.

సంపూర్ణమ్మ గారు షెడ్డు బయట కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటోంది. గొయ్యి పూడ్చేశారు. బండి దిగీ దిగకముందే చెప్పేశాను. "పైనించి ఎవరూ ఆపలేదండీ. నేనే ఇవ్వలేదు. ఇచ్చుంటే మా అమ్మ పోయేది."

ఆవిడ కుళాయి కట్టేసింది.

"గంటా ఇరవై నిమిషాలు," అంది. తర్వాత నావైపు తిరిగి, "ఒక్క ఫోను ఎత్తితే సరిపోయేది గదరా. ఇవ్వలేనమ్మా అంటే, పదిమందిని పిలిచి తలుపులు తీయించి సగమన్నా కాలవ గట్టు నీడకి తోలుకునేదాన్ని. ఇప్పుడిస్తాడు, ఇప్పుడిస్తాడని ఫోను చేతిలో పట్టుకుని కూచున్నా."

ఆవిడ తడికాళ్లు చెప్పుల్లో పెట్టింది.

"వెళ్లు. ముందు మీ అమ్మకి గొట్టం పెట్టు."

మర్నాడు ఆవిడ ఏఈ ఆఫీసుకి వెళ్లి జరిగింది రాసిచ్చింది. నన్ను పిలిచి అడిగితే నిజమేనన్నాను. మీటరు లెక్కలూ నా పుస్తకమూ ఎలాగూ కలవలేదు. ఆ సాయంత్రంతో నా పని పోయింది. ఏఈ గారు కాగితం మీద సంతకం పెట్టిస్తూ, "నాకు ఇంకోసారి ఫోన్ చేసుండాల్సింది జోజీ," అన్నాడు. మూడోసారి ఎందుకు చెయ్యలేదా అని నేనిప్పటికీ అనుకుంటూ ఉంటాను.

నా జాగాలో వచ్చినవాడు పద్ధతైన మనిషి. గంటంటే గంటే. ఒంటిగంట కొట్టగానే మా ఇంట్లో ఫ్యాను ఆగిపోయేది. ఆ హ్యాండిల్ తిరగడం నాకు ఇంట్లో కూర్చుని ఒంటికి తెలిసేది. మంచం పక్కన విసనకర్ర పట్టుకుని నేను, వేలికున్న అంకె చదువుతూ డయానా. మొదటి వారమే రెండు సిలిండర్లు అయిపోయాయి. మే ఒకటిన వంతు ప్రకారం ఆపిన లైను మళ్లీ ఇవ్వగానే ఎక్కడో ట్రిప్పయి ఇంకో గంట రాలేదు. సిలిండరు కిర్రుమని ఆగిపోయింది. అమ్మ పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. నేను ఆమెని ఎత్తుకుని వాకిట్లోకొచ్చి నిలబడ్డాను. ఎక్కడికెళ్లాలో తెలియదు. కాళ్ల కింద నేల కాలిపోతోంది.

డయానా చెప్పుల్లేకుండా చర్చి వైపు పరిగెత్తింది. అయిదు నిమిషాల్లో అక్కడి నుంచే ఫోన్ చేసి అరిచింది. "బడికి తీసుకురండి! కంప్యూటర్ల గదికి!"

ఆ బడి డాబా మీద, పిల్లల కంప్యూటర్ల కోసమని రెండేళ్ల కిందట సోలార్ పలకలు పెట్టించారు. గదిలో నాలుగు పెద్ద బ్యాటరీలున్నాయి. సెలవుల్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు లేరు. కరెంటు మనిషినై ఉండి నాకే తట్టలేదు. కరెంటంటే లైన్లోంచి రావాలి, పైనించి ఎవరో వదలాలి అనే ఆలోచనకే అలవాటుపడిపోయాను. బసవపున్నయ్య ఆటోలో అమ్మని తీసుకెళ్లి, మిషన్ ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేస్తే అది బుస్సుమని మొదలయింది. ఊరంతా ఆగిన ఫ్యాన్ల కింద ఉడికిపోతుంటే ఆ ఒక్క గదిలో ఫ్యాను తిరుగుతోంది. అంకె డెబ్బై ఆరు నుంచి కదిలి, ఎనభై దాటి, తొంభై మీద నిలబడేసరికి డయానా గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది.

రెండురోజులకి అమ్మకి మాటొచ్చింది.

"ఇక్కడ కరెంటు... ఎవరాపుతారు?"

"ఎవరూ ఆపరత్తయ్యా. ఎండ నుంచి వస్తుంది," అంది డయానా.

"ఈ ఎండేనా?" అని కిటికీ వైపు చూసింది అమ్మ. నమ్మలేదనుకుంటాను.

మే నెలంతా అక్కడే ఉన్నాం. తుపాను పట్టి మూడు రోజులు మబ్బేసినప్పుడు కంప్యూటర్లన్నీ తీసి పక్కన పెట్టి, లైటు కూడా వెయ్యకుండా, ఉన్నదంతా అమ్మ మిషన్‌కే దాచిపెట్టాం. బ్యాటరీ మీద ఒక్క గీత మిగిలి ఉండగా ఎండొచ్చింది.

ఆ మర్నాడు సంపూర్ణమ్మ గారు వచ్చింది. నన్ను చూడనట్టే ఫాదర్ గారితో డాబా ఎక్కి పలకల చుట్టూ తిరిగింది. కిందికొచ్చి గుమ్మంలో నిలబడి అమ్మని చూసింది.  వెళ్లబోతూ, నా వైపు తిరక్కుండానే అడిగింది.

"ఎనిమిది ఫ్యాన్లు, నీళ్లు చిమ్మే మోటారొకటి. ఎన్ని పలకలు కావాల?"

"పది కిలోవాట్లు పెట్టించండి. బ్యాటరీ ఉన్నవే కావాలని గట్టిగా చెప్పండి. లేకపోతే లైను పోయినప్పుడు అవి కూడా ఆగిపోతాయి. ఆ సంగతి అమ్మేవాళ్లు చెప్పరు."

"కాయితం మీద రాసియ్యి."

రాసిచ్చాను. మడిచి బొడ్లో దోపుకుని వెళ్లిపోయింది. ఉయ్యూరు రోడ్డులో ఉన్న స్థలం అమ్మేసి పని మొదలుపెట్టించిందని తర్వాత విన్నాను. షెడ్డు మీదా, ఇంటి మీదా.

బడి తెరిచే రోజులొచ్చాయి. గది ఖాళీ చెయ్యాలని ఫాదర్ గారు చెప్పలేక చెప్పారు. కోతలు కొంత తగ్గాయి గానీ, వానగాలులకి లైన్లు తెగడం మొదలయింది. నాకు ఉయ్యూరులో ఒక ఎలక్ట్రికల్ షాపులో పని దొరికింది. వచ్చేది సిలిండర్లకే చాలదు. అమ్మని మళ్లీ ఆ ఇంటికే తీసుకెళ్లాలి. డయానా గోడ మీద రాసిన నిమిషాల వరస అక్కడే ఉంది. నేను సున్నం తెచ్చి కొట్టేశాను.

బళ్లు తెరవడానికి ముందురోజు పొద్దున బసవపున్నయ్య వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "సంపూర్ణమ్మ గారు మీ అమ్మని తోలుకురమ్మంది," అన్నాడు. అంతకుమించి తనకేమీ తెలియదన్నాడు.

ఆటోలో అమ్మ నా భుజాన్ని పట్టుకుని కూర్చుంది. కాళ్ల దగ్గర మిషను, పక్కన సిలిండరుతో డయానా. సంపూర్ణమ్మ గారి ఇంటి ముందు ఆటో ఆగింది. డాబా మీద కొత్త పలకలు ఎండకి మెరుస్తున్నాయి. వయసులో ఉన్నప్పుడు నూర్పిళ్లకీ, మిరప కోతలకీ అమ్మ ఈ ఇంటికి ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ఎప్పుడొచ్చినా దొడ్డివైపు నుంచే.

"పక్క సందులోంచి... తిప్పు బసవపున్నయ్యా," అంది అమ్మ.

సంపూర్ణమ్మ గారు వీధి గుమ్మంలోకొచ్చింది. చేతిలో ఎక్స్‌టెన్షన్ బోర్డుంది.

"ఎక్కడికి తిప్పేది? ఇటు దింపు. ప్లగ్గు ముందు గదిలో ఉంది."

అమ్మ ఆ గుమ్మం వంక చూసి, మెట్టు మీద కాలు పెట్టి, ఆగింది. సంపూర్ణమ్మ గారు కిందికి దిగి ఆమె చెయ్యి తన భుజం మీద వేసుకుంది. రెండోవైపు డయానా పట్టుకుంది. నేను మిషను తెచ్చి అరుగు మీద పెట్టాను. సంపూర్ణమ్మ గారు దాన్ని లోపలికి లాక్కుంటూ, "నువ్విక వెళ్లు," అంది. "నిన్ను చూస్తే నాకింకా ఆ గొయ్యే కనిపిస్తది."

సరేనని మెట్లు దిగాను. ఆటో దగ్గర, దారిలో ఖాళీ అయిన సిలిండరు పట్టుకుని నిలబడ్డాను. లోపల కుర్చీలు జరిపిన చప్పుడు, మంచం ఈడ్చిన చప్పుడు వినిపించాయి. కాసేపటికి మిషను బుస్సుమంది. అది ఆగకుండా కొనసాగుతోందని గట్టిగా తెలిశాకే బసవపున్నయ్యని ఆటో తియ్యమన్నాను.